యూడెన్‌గాసెను ఖాళీ చేయించింది హిట్లర్ కాదు

జర్మనీలోని రోటెన్‌బుర్గ్‌లో ఊరు తిప్పి చూపించడం నా పని. శని, ఆదివారాల్లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచీ మ్యూనిక్ నుంచీ మనవాళ్లు దిగుతారు, చాలామంది వెంట ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఉంటారు. కోటగోడ ఎక్కి ఫొటోలు దిగేదాకా సందడే సందడి. యూడెన్‌గాసె, అంటే యూదుల వీధి, బోర్డు కనపడగానే అందరి గొంతులూ తగ్గుతాయి. "పాపం, హిట్లర్ ఇక్కణ్ణుంచే పట్టుకుపోయాడా?"

కాదండీ. ఈ వీధిలోని యూదుల్ని వెళ్లగొట్టింది 1520లో. హిట్లర్ పుట్టడానికి మూడున్నర వందల ఏళ్లకు పైగా ముందు. యోహానెస్ టాయిష్‌లైన్ అనే మతబోధకుడు చర్చిలో నిలబడి జనాన్ని రెచ్చగొట్టాడు, ఊరి పెద్దలు తరిమేశారు, ప్రార్థనామందిరం మేరీమాత గుడి అయిపోయింది. ఆ తర్వాత మూడున్నర శతాబ్దాలు ఈ గోడల మధ్య యూదు కుటుంబం కాపురం లేదు. 1870ల్లో మళ్లీ రావడం మొదలుపెట్టినవాళ్లు పాత వీధిని వెతుక్కుంటూ రాలేదు. వాళ్ల ప్రార్థన గది హెర్న్‌గాసె అనే ఇంకో వీధిలో ఉండేది. నాజీలు తరిమింది వీళ్లని. చివరికి మిగిలిన 17 మందినీ 1938 అక్టోబరు 22న గెంటేశారు. దేశమంతా యూదుల గుడులు తగలబెట్టిన నవంబరు రాత్రి దాకా కూడా ఈ ఊరు ఆగలేదు.

రెండూ ఘోరాలే, ఏదైతేనేం అంటారు కొందరు. ఒకసారి ఒక పెద్దావిడ సముద్రం దాటి ఒంటరిగా వచ్చింది. చేతిలో వాళ్ల అమ్మమ్మ ఇంటి ముందు నిలబడ్డ ఫొటో. యూదులు కాబట్టి యూదుల వీధిలోనే ఉండి ఉంటారని ఇంట్లో ఎవరో చెప్పారట. ఉన్నవి మూడు రోజులు. అందులో రెండు రోజులు ఈ వీధిలో ప్రతి గుమ్మాన్నీ ఫొటోతో పోల్చుకుంటూ తిరిగింది. నేను విషయం చెబితే ముందు కోప్పడింది, తర్వాత మెట్టు మీద కూలబడింది. హెర్న్‌గాసెకు తీసుకెళ్లాను. ఇల్లయితే దొరకలేదు కానీ, అమ్మమ్మ వాళ్లు ప్రార్థనకు వెళ్లిన చోటు ముందు చాలాసేపు నిలబడింది. మీకు తెలిసినవాళ్లెవరైనా ఇలా వెతుక్కుంటుంటే చెప్పండి: వీధి పేరు పట్టుకోవద్దు, పూర్తి పేరూ పుట్టిన సంవత్సరమూ రాసి ముందుగా నగర అభిలేఖాగారాన్ని, అంటే ఊరి పాత రికార్డుల ఆఫీసుని, అడగమనండి.

జనం పొరబడే మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఇది తాళం వేసిన ఘెట్టో, అంటే యూదుల్ని విడిగా బంధించి ఉంచిన పేట, కాదు. 1349 ప్లేగు ఏడాది యూదుల ఊచకోత జరిగాక, మళ్లీ వచ్చినవాళ్లు పూడ్చిన పాత కందకం మీద 14వ శతాబ్దం చివర్లో కట్టుకున్న వీధి ఇది. పక్కింట్లో క్రైస్తవులు కూడా ఉండేవారు. మన ఊళ్లలో కుమ్మరి వీధిలో అందరూ కుమ్మరులేనా? ఘెట్టో అనే మాటకు ఆ అర్థం వచ్చింది వెనిస్‌లో, 1516లో. అప్పటికి ఈ వీధి ఖాళీ కావడానికి ఇంకా నాలుగేళ్లే ఉంది.

'రబ్బీ మేయిర్ సమాధి ఇక్కడే ఉంది.' రబ్బీ అంటే యూదుల మతగురువు, ఈయన ఈ ఊళ్లో ఉన్న పెద్ద పండితుడు. సమాధి ఇక్కడ లేదు, వోర్మ్స్ అనే ఊళ్లో ఉంది. ఆయన ఈ వీధి పడకముందే పోయాడు. 1286లో బంధించారు, విడుదలకు అడిగిన సొమ్ము ఆయనే కట్టనివ్వలేదంటారు, 1293లో చెరలోనే చనిపోయాడు. శవాన్ని కూడా 14 ఏళ్లు ఇవ్వలేదు. 1307లో అలెగ్జాండర్ వింప్‌ఫెన్ అనే ఆయన డబ్బు కట్టి విడిపించాడు. ఇప్పుడు ఇద్దరి సమాధులూ పక్కపక్కనే. ఈ కథ చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది, ఏమనుకోకండి.

'1945 బాంబుల్లో అంతా పోయింది, ఇవన్నీ కొత్తగా కట్టినవే.' బాంబులు పడింది ఎక్కువగా తూర్పు వైపు. ఈ వీధి బతికింది.

పదో నంబరు ఇంటి నేలమాళిగలో ఉన్నది బావీ కాదు, చెరసాలా కాదు. మిక్వే, అంటే శుద్ధిస్నానపు గుంట. అందులోవి ఊట నీళ్లు. అడిగినప్పుడల్లా తలుపు తీయరు.

ఇక ఫొటో తీసుకుంటే తప్పా అని నన్ను పక్కకు పిలిచి అడిగే అమ్మలకు: తప్పేం లేదమ్మా, తీసుకోండి. లోపల మనుషులు కాపురం ఉంటున్నారు, కిటికీల్లోకి మాత్రం తీయకండి.