పాట హోరెత్తుతుంది, మాట వినబడదు

తక్కువ ధర డీవీడీ ప్లేయర్ల గురించి తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "సినిమా పెడితే పాటలు, ఫైట్లు ఇల్లదిరేలా మోగుతున్నాయి. మాటలు మాత్రం నూతిలోంచి వచ్చినట్టున్నాయి. లెన్సు పోయిందా?"

లెన్సు పోలేదు. లెన్సు బలహీనపడితే బొమ్మ ముక్కలవుతుంది, ఆగుతుంది, చివరికి డిస్కే లేదని తెర మీద చూపిస్తుంది. మాటల్ని మాత్రం ఏరి తగ్గించడం దానివల్ల కాదు. ఎందుకో తెలియాలంటే డిస్కు మీద సౌండు ఎలా ఉంటుందో చూడాలి. డీవీడీల్లో ఎక్కువగా కనిపించే డాల్బీ డిజిటల్ పద్ధతిలో సౌండును ఫ్రేములుగా, అంటే చిన్న చిన్న ముక్కలుగా రాస్తారు. ఒక్కో ఫ్రేములో చానలుకు (అంటే ఒక్కో స్పీకరు సౌండుకు) 1536 నమూనాలుంటాయి. నమూనా అంటే ఒక క్షణంలో సౌండును కొలిచి రాసిన అంకె. సెకనుకు 48,000 నమూనాల లెక్కన ఒక ఫ్రేము 32 మిల్లీసెకన్ల సౌండు. ఎడమ, కుడి, మధ్య, వెనక ఎడమ, వెనక కుడి, సబ్‌ఊఫర్ ఆరూ ఆ ఒక్క ఫ్రేములోనే ఉంటాయి. ఫ్రేము చదవగలిగితే ఆరూ వస్తాయి, చదవలేకపోతే ఆరూ పోతాయి. కాబట్టి ఈ జబ్బుకు లెన్సు క్లీనింగ్ డిస్కు తిప్పినా, డిస్కును టూత్‌పేస్టుతో రుద్దినా ప్రయోజనం లేదు. డిస్కు అంచుకు ఆకుపచ్చ మార్కరు పూస్తే సౌండు బాగుపడుతుందన్న నమ్మకం కూడా ఒకప్పుడు విదేశాల్లో బాగా చెలామణి అయింది. అంచున పూసిన రంగుకు, లోపలి గుంటల్లో రాసిన అంకెలకు ఏ సంబంధమూ లేదు.

అసలు విషయం మధ్య చానల్లో ఉంది. థియేటర్లో ఏ మూల కూర్చున్నవాళ్ళకైనా మాట తెర మీది మనిషి నోటినుంచే వచ్చినట్టుండాలి. అందుకే సినిమా మిక్సింగులో డైలాగులు దాదాపుగా మధ్య చానల్‌కే పోతాయి. పాట, వాన, జనం గోల మిగతా వాటిలో పరుచుకుంటాయి. ఇంట్లో ప్లేయరు వెనక ఆరు పిన్నుల వరుస ఉన్నా, మనం టీవీకి పెట్టేది రెండే వైర్లు: తెలుపు, ఎరుపు. అవి ముందు ఎడమ, ముందు కుడి. ప్లేయరు మాత్రం "ఇతనికి ఆరు స్పీకర్లున్నాయి" అనుకుంటే మధ్య చానల్‌ను మధ్య పిన్నుకే పంపిస్తుంది. అక్కడ వైరే లేదు. డైలాగు ఆ ఖాళీ పిన్ను దగ్గరే ఆగిపోతుంది. ఎడమ, కుడి చానళ్ళలోకి ఒలికిన ప్రతిధ్వని మాత్రమే చెవికి అందుతుంది.

మందు: రిమోట్‌లో సెటప్ నొక్కి స్పీకర్ సెటప్ పేజీకి వెళ్ళండి. డౌన్‌మిక్స్ (ఆరు చానళ్ళనూ రెండింటిలోకి కలపడం) అని ఉంటుంది. అది ఆఫ్‌లోనో, 5.1లోనో (ఆరు స్పీకర్ల అమరిక) ఉంటే స్టీరియోకు మార్చండి. చాలా ఇళ్ళలో కథ ఇక్కడితో ముగుస్తుంది.

కొన్ని ఇళ్ళలో ముగియదు. మాట ఉంటుంది, కానీ సన్నగా. ఇక్కడ లెక్క చూడాలి, ఎందుకంటే ఇందులో చాలా అందముంది. డౌన్‌మిక్స్‌లో ఎడమ వైరుకు పోయేది ఇది: ఎడమ చానలు మొత్తం, మధ్య చానల్లో 0.707 వంతు, వెనక ఎడమలో 0.707 వంతు. కుడికీ ఇంతే. సబ్‌ఊఫర్ చానల్‌ను వదిలేస్తారు. 0.707 ఎందుకు? దాన్ని దానితోనే గుణిస్తే సగం. మధ్య చానలు రెండు స్పీకర్లకూ చెరిసగం పవరుగా పంచబడి, మొత్తం మళ్ళీ ఒకటవుతుంది. ఇప్పుడు కూడండి: 1 + 0.707 + 0.707 = 2.414. మూడు చానళ్ళూ ఒకేసారి గరిష్ఠానికి చేరితే ఈ మొత్తం డిజిటల్ హద్దు దాటి చిరిగిపోతుంది. అలా కాకుండా ముందుజాగ్రత్తగా అంతటినీ 0.414తో గుణిస్తారు. అంటే 7.65 డెసిబెల్ల తగ్గింపు. పవరు ఆరోవంతుకు పడిపోయింది.

బడిలో డెసిబెల్‌ను "ధ్వనికి ప్రమాణం" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. అది నిజానికి నిష్పత్తి. 3 డెసిబెల్లు తగ్గితే పవరు సగం, 10 తగ్గితే పదోవంతు. ఇది పిల్లలకు ముందే చెబితే ఈ పేరా అవసరమే ఉండేది కాదు.

డాల్బీ డిజిటల్ స్ట్రీములో డైలాగు సగటు మట్టం ఎంతో ఒక అంకె రాసి ఉంటుంది. సినిమాకు అది గరిష్ఠానికి 27 డెసిబెల్ల కింద అని ఉంటే, డీకోడరు (ప్లేయరులో ఆ సౌండును విప్పే భాగం) మరో 4 తగ్గించి మైనస్ 31 దగ్గర నిలబెడుతుంది. అన్ని డిస్కుల్లోనూ మాట ఒకే మట్టంలో ఉండాలని ఈ ఏర్పాటు. 31 డెసిబెల్లంటే పవరులో దాదాపు 1250 రెట్లు. మాటకూ గరిష్ఠ మట్టానికీ మధ్య ఉన్న దూరం అది. నిశ్శబ్దమైన థియేటర్లో ఆ దూరం సినిమాకు ప్రాణం. సీలింగు ఫ్యాను తిరుగుతూ, కుక్కరు కూస్తున్న ఇంట్లో మాట కోసం వాల్యూం పెంచుతారు, మరుక్షణం పేలుడు సీను వస్తుంది.

దీనికీ మెనూలో జవాబుంది. డాల్బీ డిజిటల్ సెటప్‌లో డైనమిక్ అని ఉంటుంది. దాన్ని ఫుల్‌కు పెడితే పెద్ద శబ్దాలు అణుగుతాయి, చిన్నవి లేస్తాయి. ఆడియో పేజీలో ఓపీ మోడ్ ఉంటే లైన్ అవుట్ నుంచి ఆర్‌ఎఫ్ రీమాడ్‌కు మార్చండి. అప్పుడు మాట మైనస్ 31 నుంచి మైనస్ 20కి లేస్తుంది. 11 డెసిబెల్ల లాభం. ఈ మోడ్‌లో అణిచివేత గట్టిగా ఉంటుంది కాబట్టి ఆరు స్పీకర్లున్నవాళ్ళు దీని జోలికి పోవద్దు.

డౌన్‌మిక్స్‌లో స్టీరియో పక్కన ఎల్‌టీ/ఆర్‌టీ అని ఇంకోటి కనిపిస్తుంది. అందులో వెనక చానళ్ళను ఎడమలో మైనస్ గుర్తుతో, కుడిలో ప్లస్ గుర్తుతో కలుపుతారు. సరౌండ్ డీకోడరున్న యాంప్లిఫైయరు వాటిని మళ్ళీ విడదీయగలదు. ఒకే స్పీకరున్న పాత టీవీలో ఎడమ, కుడి కలిస్తే మైనస్, ప్లస్ కొట్టేసుకుని వెనక చానళ్ళు మాయమవుతాయి, మాట నిలుస్తుంది.

ఇదే తీసివేత తిరగబడితే మాటే మాయమవుతుంది. పోర్టబుల్ ప్లేయరుకు హెడ్‌ఫోన్ పిన్ను సగమే దిగినా, వైరులో ఎర్త్ తెగినా, చెవికి వినబడేది ఎడమ మైనస్ కుడి. రెండింటిలో సమానంగా ఉన్న డైలాగు సున్నా అవుతుంది. సంగీతం డొల్లగా తేలుతూ ఉంటుంది. స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ వైర్లు తిరగేసి బిగించినా మాట నిలకడ కోల్పోతుంది, బేస్ పలచబడుతుంది.

పాత వీసీడీల సంగతి వేరు. కరోకే డిస్కుల్లో ఒక చానల్లో గొంతుతో పాట, రెండో దాంట్లో ఉత్త వాద్యాలు ఉంటాయి. గొంతు వినబడకపోతే రిమోట్‌లో ఎల్/ఆర్ బటన్ నొక్కి చూడండి.

బొమ్మ వచ్చి, ఒక్క డిస్కుకే సౌండు బొత్తిగా లేకపోతే అది డీటీఎస్ (డాల్బీలాంటిదే మరో సౌండు పద్ధతి) ట్రాక్ కావచ్చు. చవక ప్లేయర్లు చాలావాటిలో డీటీఎస్ డీకోడరు ఉండదు. ఆడియో బటన్‌తో డాల్బీ ట్రాక్‌కు మారండి. డీటీఎస్ ఆడియో సీడీ అయితే నిశ్శబ్దానికి బదులు భయంకరమైన హోరు రావచ్చు, వాల్యూం తగ్గించి పెట్టండి. హెచ్‌డీఎంఐలో గానీ కోయాక్సియల్‌లో గానీ సౌండు రాకపోతే డిజిటల్ అవుట్‌పుట్‌ను రా (విప్పకుండా పంపే సౌండు) నుంచి పీసీఎంకు (ప్లేయరే విప్పి పంపే సౌండు) మార్చాలి. కాంపోనెంట్ వీడియో వాడేవాళ్ళు ఎరుపు పిన్ను రెండుసార్లు వస్తుందని గుర్తుంచుకోవాలి: ఒకటి బొమ్మది, ఒకటి సౌండుది.

ఒక పక్కే మూగబోతే ప్లేయరు వైపు తెలుపు, ఎరుపు పిన్నులు తారుమారు చేయండి. మూగతనం రెండో స్పీకరుకు మారితే లోపం ప్లేయరుది. మారకపోతే వైరుది, లేదా టీవీది.

లోపం ప్లేయరుదే అయితే మూత తీయాలి. ముందు ప్లగ్గు పీకండి. సప్లై బోర్డులో 400 వోల్టుల పెద్ద కెపాసిటరు దాదాపు 325 వోల్టులు పట్టుకుని ఉంటుంది, కాసేపు ఆగి మల్టీమీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి. కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో చూడండి. ఉబ్బినవాటిని అదే విలువతో, వోల్టేజీ తగ్గకుండా మార్చాలి. సౌండు పిన్నుల దగ్గర సౌండును బలపరిచే ఎనిమిది కాళ్ళ 4558 ఐసీ ఉంటుంది. సప్లై బోర్డును ముట్టకుండా ప్లగ్గు మళ్ళీ పెట్టి కొలిస్తే చాలా బోర్డుల్లో 8వ కాలికి ప్లస్ 12, 4వ కాలికి మైనస్ 12 వోల్టులు రావాలి. 1, 7 కాళ్ళ దగ్గర సున్నాకు దగ్గరగా ఉండాలి. మైనస్ సప్లై చచ్చిపోతే తరంగం కింది సగం తెగి సౌండు గీరుతుంది. 4వ కాలు నేరుగా ఎర్త్‌కే కలిసిన బోర్డయితే 1, 7 దగ్గర సప్లైలో సగం ఉండటం సహజం.

ఐసీ దగ్గర సౌండుండి పిన్ను దగ్గర లేకపోతే మధ్యలోని మ్యూట్ ట్రాన్సిస్టర్లను చూడాలి. ఆన్, ఆఫ్ చేసేటప్పుడు టప్పుమనకుండా అవి సౌండును ఎర్త్‌కు దించేస్తాయి. సినిమా నడుస్తుండగా వాటి బేస్ కాలి దగ్గర 0.6 వోల్టులుంటే అవి మ్యూట్‌లోనే ఇరుక్కున్నట్టు. కలెక్టర్ కాలు విప్పి చూడండి. సౌండు వస్తే ఆ ట్రాన్సిస్టరునూ, దాన్ని నడిపే చిన్న కెపాసిటరునూ మార్చండి. అవి దొరికేదాకా విప్పి ఉంచినా ఆన్, ఆఫ్‌లో ఒక టప్పు తప్ప నష్టం లేదు.