స్లిప్ టెస్టుకు మార్కులెందుకు?

చదివింది ఎంత ఎక్కిందో కొలవడానికే పరీక్ష అనుకుంటాం. నిజానికి గుర్తు తెచ్చుకుని రాసే ఆ కాసేపట్లోనే చదువు గట్టిపడుతుంది. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసేవాళ్లకు ఇది పాత సంగతే. మన క్లాసుల్లోకే ఇంకా సరిగా రాలేదు.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె 2006లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్లో ఒక జట్టు చిన్న పాఠాన్ని నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. ఇంకో జట్టు ఒక్క విడత చదివింది, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద పెట్టింది. రాసింది తప్పో ఒప్పో ఎవరూ చెప్పలేదు. ఒక్కో విడతలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవొచ్చు కాబట్టి, మొదటి జట్టువాళ్లు మొత్తం మీద సగటున 14 సార్లు పాఠం తిరగేస్తే, రెండో జట్టు మూడున్నర సార్లకు మించలేదు.

అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, 71 శాతం. వారం ఆగి అడిగితే లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం, రాసినవాళ్లకు 61. ఇంతకీ వారం తర్వాత బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమా పడింది ఎవరనుకున్నారు? చదివినవాళ్లే.

అసలు చిక్కంతా ఆ ధీమాలోనే ఉంది. పదోసారి చదువుతుంటే ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. పరీక్ష హాల్లో కావలసింది రెండోది.

లెక్కల్లోనూ ఇదే మోసం. డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే పరిశోధకులు 2007లో ఘనపరిమాణాల లెక్కలతో దీన్ని పరీక్షించారు. ఒక రకం లెక్కలన్నీ వరసగా చేసినవాళ్లు సాధనలో 89 శాతం సరిగ్గా చేశారు, అన్ని రకాలూ కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో మాత్రం వరసగా చేసినవాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63 శాతం వచ్చాయి. ఒకే అభ్యాసంలో అన్నీ ఒకే సూత్రం లెక్కలైతే, ఏ సూత్రం వాడాలన్న ఆలోచనే పిల్లలకు రాదు.

మరి మన కార్పొరేట్ కాలేజీల్లో వారం వారం టెస్టులున్నాయి కదా అంటారు. ఆలోచన మంచిదే. కానీ ర్యాంకుల జాబితా గోడకెక్కగానే అది టెన్షన్‌గా మారుతుంది, ఆ వారం చెప్పిన చాప్టర్ దాటి వెనక్కి వెళ్లదు. నన్నడిగితే రోజూ క్లాసు మొదట్లో అయిదు ప్రశ్నలు చాలు. అందులో రెండు పోయిన నెలవి ఉండాలి. మార్కులు వద్దు, జవాబులు మాత్రం అప్పుడే చెప్పేయాలి.

ఒక్క జాగ్రత్త. పాఠమే అర్థం కాని పిల్లవాడికి గుర్తు తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. అలాంటివాళ్లకు ముందు చేసి చూపించిన లెక్కలు కావాలి, స్లిప్ టెస్టు ఆ తర్వాతే.