క్రియాటినిన్ తగ్గితే సంతోషించాలా?

"బావా, పాపకి క్రియాటినిన్ 0.2 వచ్చింది. తక్కువే కదా, మంచిదే కదా?" అని మా మేనత్త కొడుకు ఫోన్లో అడిగాడు. బరంపురం వాళ్లకి ఆ అనుమానం రావడం సహజం. ఇచ్ఛాపురం దాటితే కవిటి, సోంపేట, అంతా ఉద్దానమే. అక్కడి కిడ్నీ జబ్బు చూసి చూసి, కిడ్నీలు రక్తంలోంచి వడకట్టాల్సిన ఈ క్రియాటినిన్ పెరిగిందంటే మాకు గుండె జారిపోతుంది. తగ్గిందంటే దేవుడికి దండం పెట్టుకుంటాం.

కానీ ఎనిమిదేళ్ల ఆ పాపది స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, ఎస్‌ఎంఏ. తల్లిదండ్రులిద్దరిలో పాడైన ఎస్‌ఎంఎన్1 జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. (మేనరికం కాని ఇళ్లలోనూ వస్తుంది. మా అత్తని ఆడిపోసుకోవడం ఇక మానాలి.) వెన్నుపాములో కండరాలను కదిలించే నరాల కణాలు చనిపోతాయి, కండ కరిగిపోతుంది. క్రియాటినిన్ తయారయ్యేది కండలోనే. కండ లేకపోతే అదీ తక్కువే.

ఈ జబ్బుకి 2016లో నుసినెర్సెన్ అనే మందు, 2019లో జన్యు చికిత్స, 2020లో నోటితో తాగించే రిస్డిప్లామ్ అమెరికాలో అనుమతి పొందాయి. మందు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? పసిపిల్లలకైతే కాళ్లూ చేతులూ కదిలించడం చూసి 64కి మార్కులు వేస్తారు. ఆ రోజు జ్వరమొచ్చినా, నిద్ర చాలక ఏడ్చినా మార్కులు పోతాయి. అందుకే రక్తంలో, వెన్ను నీరులో ఆనవాళ్లు వెతుకుతారు.

వాటిలో ముఖ్యమైనది న్యూరోఫిలమెంట్. నరాల తీగలకు లోపల ఊతంగా ఉండే ప్రోటీన్ అది. పాత ఇళ్లలో దూలం కింద పొడి రాలితే లోపల పురుగు తొలుస్తోందని అనుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. నరం చితికితే ఇది బయటికి రాలుతుంది. జబ్బు తీవ్రంగా ఉన్న పసిపిల్లల్లో మామూలు పిల్లలకంటే పదుల రెట్లు ఉంటుంది. నుసినెర్సెన్ మొదలుపెట్టాక రెండు నెలల్లోనే బాగా పడిపోవడం చూశారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా వయసుతో అది కొంత తగ్గుతుంది, ఆ లెక్క తీసేయాలి.

అసలు చిక్కు పెద్దవాళ్ల దగ్గర. పొడి రాలడం ఆగిందంటే పురుగు చచ్చి ఉండొచ్చు, దూలంలో తొలవడానికి ఏమీ మిగలకపోయి ఉండొచ్చు. ఏళ్ల తరబడి జబ్బున్నవాళ్లలో చాలామందికి న్యూరోఫిలమెంట్ దాదాపు మామూలుగానే ఉంటుంది. ఆ ఒక్క అంకె చూసి మందు గురించి తీర్పు చెప్పడం నాకు నచ్చదు. నరానికి చిన్న షాక్ ఇచ్చి కండరం ఎంత బలంగా స్పందిస్తుందో కొలిచే పరీక్ష కూడా తోడుండాలి.

ఎస్‌ఎంఎన్2 (ఎస్‌ఎంఎన్1కి జోడీలాంటి జన్యువు) ప్రతులు ఎన్నున్నాయో చూసే పరీక్ష మళ్లీ చేయిద్దామా అని కూడా బావ అడిగాడు. జబ్బు ఎంత తీవ్రంగా ఉండొచ్చో అది ముందే చెబుతుంది కానీ, మందు వాడినా ఆ సంఖ్య మారదు. డబ్బు దండగ.

ఇక ఆ 0.2. పాప కిడ్నీలు బాగున్నాయనడానికి అది సాక్ష్యం కాదు. కండ ఇంత తక్కువగా ఉన్నప్పుడు కిడ్నీ దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనబడొచ్చు. కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సి పరీక్ష గురించి డాక్టరుగారిని అడగమన్నాను. చీటీ మీద రాసుకున్నాడు, స్పెల్లింగ్ రెండుసార్లు అడిగి మరీ.