బ్రెగే వంచిన స్ప్రింగు

జేబు గడియారం రోజంతా జేబులో నిలువుగానే ఉంటుంది. దాని లోపల ఇటూ అటూ ఊగే బ్యాలెన్స్ చక్రాన్ని ఎంత నేర్పుగా చేసినా, ఒక పక్క రవ్వంత బరువు మిగిలే ఉంటుంది. ఆ బరువు కింద ఉన్నప్పుడు గడియారం ఒక తీరున, పైన ఉన్నప్పుడు మరో తీరున నడుస్తుంది. స్విట్జర్లాండ్‌లోని న్యూషాతెల్‌లో 1747లో పుట్టి, పారిస్‌లో స్థిరపడిన గడియారాల తయారీ నిపుణుడు అబ్రహాం లూయీ బ్రెగే ఈ తేడాతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు. లోపాన్ని పూర్తిగా తొలగించలేమని గ్రహించి, దాన్ని గుండ్రంగా తిప్పేశాడు. చక్రాన్నీ దాని స్ప్రింగునూ ఒక చిన్న పంజరంలో అమర్చి, ఆ పంజరమే తిరిగేలా చేశాడు. అప్పుడు ఒక దిశలో ముందుకు పోయిన కాలం ఎదురు దిశలో వెనక్కి వచ్చి సరిపోతుంది. 1801లో పేటెంటు పొందిన ఈ అమరికే టూర్బియాన్. ఫ్రెంచిలో సుడిగాలి అని అర్థం.

నేటి ఖరీదైన గడియారాల్లో అందరి కళ్లూ దాని మీదే. నిజానికి చేతి గడియారం మణికట్టుతో పాటు అన్ని వైపులా కదులుతుంది కాబట్టి దానికి టూర్బియాన్ అవసరం తక్కువ. బ్రెగే అసలు గొప్పతనం నాకు కనిపించేది మరోచోట, 1795 నాటి ఒక చిన్న వంపులో.

బ్యాలెన్స్ చక్రాన్ని ఊపేది వెంట్రుకలాంటి చుట్టల స్ప్రింగు. చుట్టలన్నీ ఒకే మట్టంలో ఉండి, బయటి కొస ఒకచోట బిగించి ఉంటే, అది విప్పారినప్పుడల్లా ఒక పక్కకే ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి ఇరుసు ఒక వైపు రాసుకుంటుంది. పెద్ద ఊపుకీ చిన్న ఊపుకీ పట్టే కాలం మారిపోతుంది. బ్రెగే చివరి చుట్టను పైకి లేపి, లోపలికి వంచాడు. అంతే, స్ప్రింగు అన్ని వైపులా సమానంగా విప్పారడం మొదలుపెట్టింది, నీటిలో అలలు వలయాలుగా విచ్చుకున్నట్టు! ఆ వంపు ఎలా ఉండాలో ఫ్రెంచి ఇంజనీరు ఎడ్వార్ ఫిలిప్స్ గణితంతో తేల్చింది 1861లో. బ్రెగే అప్పటికే 38 ఏళ్ల కిందట కన్నుమూశాడు. ఆయనకు దారి చూపింది కళ్లూ వేళ్లే.

మేలు రకం యాంత్రిక గడియారాలు కొన్నింటిలో ఆ చివరి చుట్ట ఇప్పటికీ అలాగే లేచి ఉంటుంది. డయల్ వెనక, ఎవరికీ కనిపించకుండా.