చెరువు చేపలో బలం లేదంటారు: మేత గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

"చెరువు చేపేగా, తవుడు తిని పెరిగింది, దాంట్లో ఏముంటుంది?" మార్కెట్లో ఈ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. కైకలూరు, ఆకివీడు వైపు చెరువు గట్ల మీద తిరుగుతూ మేత లెక్కలు చూడటమే నా పని. అందుకే తెలిసినంత వరకు రాస్తున్నాను.

అపోహ: ఒమేగా-3 సముద్రపు చేపల్లోనే ఉంటుంది.

మన గుండెకు, మెదడుకు పనికొచ్చే ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వుల్ని సముద్రపు చేప కూడా చాలావరకు సొంతంగా తయారు చేసుకోదు. నీళ్లలో కంటికి కనబడని నాచు తయారు చేస్తుంది. ఆ నాచును సన్నపురుగులు, వాటిని చిన్నచేపలు తింటే అలా పైకి చేరుతుంది. మన చెరువులోనూ నాచు ఉంది, పురుగులూ ఉన్నాయి. బొచ్చె పైనీటిలో ఆ పురుగుల్నే వడకట్టుకుని తింటుంది. పైగా శీలావతి లాంటి మంచినీటి చేపలు మొక్కల్లో దొరికే మామూలు ఒమేగా-3ని కొంతవరకు ఈపీఏ, డీహెచ్‌ఏలుగా మార్చుకోగలవు. సముద్రపు చేపల్లో చాలావాటికి ఆ శక్తి లేదు.

అలాగని కవళ్లు, కానాగంతల లాంటి సముద్రపు చేపలతో సమానమని నేను చెప్పను. వాటిలో ఎక్కువే. తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్కల్లో ఒమేగా-3 దాదాపు లేదు, ఉన్నదంతా ఒమేగా-6 లాంటి కొవ్వులే. నీళ్లలో నాచు, పురుగులు లేకుండా, సంచుల్లో నింపి చెరువులో కట్టే ఆ మేత మీదే పెంచితే చేప కొవ్వు కూడా ఆ తవుడు నూనెలాగే తయారవుతుంది. అందుకే పాతకాలపు రైతు చెయ్యి నీళ్లలో ముంచి, అరచెయ్యి ఎంత లోతులో మసకబారుతుందో చూసి నీళ్లలో నాచు, పురుగులు ఏపాటి ఉన్నాయో అంచనా కట్టే పద్ధతంటే నాకు గౌరవం.

మేత ప్రభావం ఎంతో చెప్పడానికి సముద్రంలో పెంచే సాల్మన్ చేపను మించిన ఉదాహరణ లేదు. 1990లో నార్వే సాల్మన్ మేతలో దాదాపు 90 శాతం చేపపొడి, చేపనూనె లాంటి సముద్రపు సరుకే. 2013 నాటికి అది సుమారు 30 శాతానికి దిగింది, మిగతాది చాలావరకు సోయా, ఆవజాతి నూనెల్లాంటి మొక్కల సరుకు. స్కాట్లాండ్ సాల్మన్‌ను పరీక్షిస్తే 2006 నుంచి 2015 లోపల ఈపీఏ, డీహెచ్‌ఏ సుమారు సగానికి పడిపోయాయి. చేప అదే, సముద్రం అదే, మారింది మేత ఒక్కటే.

అపోహ: ప్రొటీన్ ఎక్కువున్న మేత వేస్తే కండలో ప్రొటీన్ పెరుగుతుంది.

ఇది రైతులే నన్ను ఎక్కువగా అడుగుతారు. మేతలో ప్రొటీన్ చాలకపోతే ఎదుగుదల ఆగుతుంది, అది నిజం. కానీ కండలో ప్రొటీన్ ఎప్పుడూ వంద గ్రాములకు 16 నుంచి 19 గ్రాముల దగ్గరే తిరుగుతుంది. మేతతో బాగా మారేది కొవ్వు. కొవ్వు పెరిగితే నీరు తగ్గుతుంది.

ఒకసారి ఒకే రోజు పట్టుబడి అయిన రెండు చెరువుల శీలావతుల్ని పక్కపక్కన కోయించాను. రెండూ కిలోన్నర పైచిలుకే. ఒకదాని పేగుల చుట్టూ సన్నటి పొర తప్ప ఏమీ లేదు. రెండోదాని పొట్ట తెరవగానే చిక్కటి తెల్ల కొవ్వు ముద్దలుగా బయటికొచ్చింది. ఆ చెరువులో చేప తింటోందా లేదా చూడకుండా చివరిదాకా సంచులు నింపి కర్రలకు కట్టారు. ఆ కొవ్వు పేగులతో పాటు చెత్తబుట్టలోకి పోయింది. మేత ఖర్చు రైతుది, తూకం డబ్బు కొన్నవాళ్లది, తిన్నవాళ్లకు మాత్రం ఏమీ రాలేదు. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది.

అపోహ: మేతలో ఏ నూనె కలిపినా ఒకటే.

కానే కాదు. పామాయిల్ కలిపితే ఒక రకం కొవ్వు, అవిసె నూనె కలిపితే ఇంకో రకం, చేపనూనె కలిపితే మరో రకం కండలో చేరుతుంది. పట్టుబడికి ముందు కొన్నాళ్లు చేపనూనె ఉన్న మేత వేసినా ఒమేగా-3 తిరిగి పెరుగుతుంది. కానీ ఆ నూనె ఖరీదు. చేపను కిలోల లెక్కన కొంటారే తప్ప ఒమేగా-3కి రైతుకు రూపాయి ఎక్కువివ్వరు. అలాంటప్పుడు ఎవరు కలుపుతారు?

చెరువు చేపకు వచ్చే మట్టి వాసన మేత వల్లేనంటారు. అది కొన్ని రకాల నీలాకుపచ్చ నాచు, సూక్ష్మజీవుల నుంచి పుట్టి ఎక్కువగా మొప్పల ద్వారా ఒంట్లోకి చేరే వాసన. కొన్ని రోజులు శుభ్రమైన నీళ్లలో ఉంచితే పోతుంది. ఎక్కువై కుళ్లిన మేత ఆ నాచుకు ఎరువవుతుంది, మేతకు సంబంధం అంతే. మనవాళ్లు ఫంగస్ అని పిలిచే పంగాసియస్ చేప కండ పసుపుగా ఉంటే రంగు కలిపారని భయపడతారు. మేతలోని మొక్కజొన్న రంగు, నాచు రంగు కూడా కండకు పడతాయి.

ఇంట్లో వండేవాళ్లకు ఒక మాట. పేగుల కొవ్వు తీసేయండి గానీ పొట్ట ముక్క పారేయకండి, మంచి కొవ్వు ఎక్కువగా ఉండేది అక్కడే. నూనెలో ముంచి వేయిస్తే ఆ కొవ్వులో కొంత మూకుడులోకి దిగిపోతుంది. పులుసు పెడితే దిగినది కూడా పులుసులోనే ఉంటుంది.