దేశాధ్యక్ష ఎన్నికలో ఓడినవాళ్లు పార్టీ అధ్యక్షులు కావచ్చా? కొన్ని అపోహలు, వాస్తవాలు

2025 ఆగస్టు చివర్లో మా డెస్క్ నుంచి ఒక చిన్న వార్త వెళ్లింది. హెడ్డింగ్: ‘అధ్యక్ష ఎన్నికలో కిమ్ మూన్-సూ ఓటమి’. మర్నాడు పొద్దున్నే ఒక పాఠకుడి ఫోన్. “ఏమండీ, ఆయన జూన్‌లోనే ఓడిపోయాడు కదా, పాత వార్త మళ్లీ వేశారేంటి?” తప్పు ఆయనది కాదు, మా హెడ్డింగ్‌ది. దక్షిణ కొరియాలో జూన్ 3న దేశాధ్యక్ష పదవికి పోటీ చేసి లీ జే-మ్యుంగ్ చేతిలో ఓడిన కిమ్, ఆగస్టు 26న సొంత పార్టీ అధ్యక్ష పదవికి నిలబడి అక్కడా ఓడారు. తెలుగులో రెండూ అధ్యక్ష ఎన్నికలే. విదేశీ వార్తలు రాసేవాళ్లకి ఇదో పాత తలనొప్పి.

అసలు చిక్కు మాటలో లేదు. రెండూ ఒకే రకం పని అనుకోవడంలో ఉంది. పద్దెనిమిదేళ్లుగా బయటి దేశాల ఎన్నికలు చదివి రాస్తున్నాను. ఎక్కడ దేశాధ్యక్ష ఎన్నిక ముగిసినా ఓ నెలలోపు ఈ ప్రశ్న వస్తుంది: ఓడిన మనిషి పార్టీ పగ్గాలు పట్టాలా, వద్దా? దాంతోపాటు కొన్ని అపోహలూ వస్తాయి. నావి కూడా కలిపి ఇక్కడ పెడుతున్నా.

అపోహ: రెండో స్థానంలో వచ్చాడు కాబట్టి ప్రతిపక్ష నాయకుడు అతనే

పార్లమెంటరీ పద్ధతికి అలవాటు పడ్డ మనకి ఇది సహజంగానే తోస్తుంది. పార్టీ ఓడినా నాయకుడు తన నియోజకవర్గంలో గెలిస్తే సభలో ఎదురు వరుసలో కూర్చుంటాడు. అధ్యక్ష తరహా దేశాల్లో ఆ వెసులుబాటు లేదు. రెండో స్థానానికి సీటు ఉండదు, గది ఉండదు, మైకు ఉండదు. 2022 మార్చిలో కొరియా దేశాధ్యక్ష ఎన్నికలో లీ జే-మ్యుంగ్‌కి కోటీ అరవై లక్షలకు పైగా ఓట్లొచ్చాయి. గెలిచిన యూన్ సుక్-యోల్‌తో తేడా 0.73 శాతం పాయింట్లు మాత్రమే. అయినా పార్లమెంటు గడప తొక్కడానికి ఆయన జూన్‌లో ఇంచన్ నగరంలోని ఒక స్థానానికి ఉపఎన్నికలో పోటీ చేయాల్సి వచ్చింది. ఎంపీలకుండే అరెస్టు రక్షణ కోసమే ఆ తొందరంతా అని ప్రత్యర్థులు ఎద్దేవా చేశారు.

కొలంబియా వాళ్లు దీనికో మార్గం కనిపెట్టారు. 2015 రాజ్యాంగ సవరణతో అధ్యక్ష ఎన్నికలో రెండో స్థానంలో వచ్చినవారికి సెనేట్‌లో సీటు ఇస్తున్నారు. 2018లో ఇవాన్ దూకే చేతిలో ఓడిన గుస్తావో పెట్రో ఆ సీట్లో కూర్చుని నాలుగేళ్లు ప్రభుత్వాన్ని నిలదీశారు. 2022లో అధ్యక్షుడయ్యారు. ఆయన చేతిలో ఓడిన రొడాల్ఫో ఎర్నాండెజ్‌కీ అదే హక్కుతో సీటొచ్చింది. ఆయన కొన్ని నెలలకే రాజీనామా చేసి వెళ్లిపోయారు.

అమెరికా గురించి అడిగేవాళ్లకి ఒక్క మాట. అక్కడ తిరిగొచ్చి కూర్చోవడానికి పెద్ద కుర్చీయే లేదు. పార్టీ జాతీయ కమిటీ ఛైర్మన్ చేసేది చందాలు, సభల ఏర్పాట్లు. 2020లో ఓడాక డొనాల్డ్ ట్రంప్ ఏ పార్టీ పదవీ తీసుకోలేదు, పార్టీ మాత్రం చేజారలేదు. ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, ఓటేసే జనం ఆయన వెంట ఉంటే ఛైర్మన్ ఎవరైతే ఏం?

అపోహ: కొద్ది తేడాతో ఓడితే తిరిగొచ్చే హక్కు ఉన్నట్టే

వాదన వినడానికి బాగుంటుంది. అంత దగ్గరికి తీసుకొచ్చినవాణ్ని ఎలా వదులుకుంటాం అంటారు. కొరియాలో 1997లో లీ హోయ్-చాంగ్ ఒకటిన్నర శాతం తేడాతో కిమ్ డే-జుంగ్ చేతిలో ఓడారు. తొమ్మిది నెలలు తిరక్కుండానే పార్టీ అధ్యక్షుడయ్యారు. 2000 పార్లమెంటు ఎన్నికల్లో పార్టీని అతిపెద్ద పక్షంగా నిలబెట్టారు కూడా. 2002 అధ్యక్ష ఎన్నికలో రో మూ-హ్యున్ చేతిలో మళ్లీ ఓడారు, ఈసారి రెండు శాతానికి పైగా తేడాతో. నాలుగేళ్లు పార్టీ మొత్తం ఆయన చేతిలో ఉంది, తేడా తగ్గకపోగా పెరిగింది. తైవాన్‌లో సాయ్ ఇంగ్-వెన్ 2012లో దాదాపు ఆరు శాతం తేడాతో ఓడారు. నాలుగేళ్ల తర్వాత 56 శాతం ఓట్లతో గెలిచారు.

ఓటమి తేడా చూసి నాయకత్వాన్ని లెక్కగట్టడం, పరీక్షలో ఒక్క మార్కుతో తప్పినవాడికి వచ్చే ఏడాది పాస్ ఖాయం అనుకోవడం లాంటిది. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో చూడాలి కదా. ఓడిన అభ్యర్థి చుట్టూ ఉన్నవాళ్లు ఆ పని చేయనివ్వరు. ‘కొంచెంలో పోయింది’ అన్న మాట దగ్గర సమీక్ష ఆగిపోతుంది.

అపోహ: వెంటనే వస్తే చెడిపోతాడు, కొన్నాళ్లు ఆగితే నెగ్గుతాడు

ఇది నా సొంత అపోహ. 2022 ఆగస్టులో లీ జే-మ్యుంగ్ 77.77 శాతం ఓట్లతో డెమొక్రటిక్ పార్టీ నేతగా ఎన్నికైనప్పుడు, ఇది తొందరపాటనీ, పార్టీ మూల్యం చెల్లిస్తుందనీ ధీమాగా రాశాను. ఆ కటింగ్ ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది.

నా లెక్కకి ఆధారం లేకపోలేదు. 2017 మే 9న అదే దేశంలో అధ్యక్ష ఎన్నిక జరిగింది. 24 శాతంతో రెండో స్థానంలో వచ్చిన హాంగ్ జూన్-ప్యో 55 రోజుల్లో పార్టీ నేతగా తిరిగొచ్చారు. 21 శాతంతో మూడో స్థానంలో వచ్చిన ఆన్ చోల్-సూ 110 రోజుల్లో తన పార్టీ పగ్గాలు పట్టారు. మరుసటి ఏడాది జూన్‌లో స్థానిక ఎన్నికలొచ్చాయి. 17 పెద్ద నగరాలు, రాష్ట్రాల్లో హాంగ్ పార్టీకి దక్కినవి రెండే. మర్నాడే ఆయన రాజీనామా. ఆన్ అప్పటికి తన పార్టీని మరో పార్టీలో కలిపేసి, సియోల్ మేయర్ పదవికి పోటీ చేసి అక్కడా మూడో స్థానంలోనే ఆగారు. ఇద్దరూ ఓటమి గాయం మానకముందే వచ్చారు, ఇద్దరూ దెబ్బతిన్నారు. కాబట్టి లీ కూడా దెబ్బతింటారని నేను తేల్చేశాను.

నేను చూడనిది ఏంటంటే, హాంగ్, ఆన్ తిరిగొచ్చిన పార్టీలు అప్పటికే చీలి ఉన్నాయి. అధ్యక్షురాలు పార్క్ గెన్-హే అభిశంసనతో సంప్రదాయవాదులు రెండు ముక్కలయ్యారు, ఆన్‌ది డెమొక్రాట్ల నుంచి విడిపోయిన ముక్క. వాటిలో ఒక ముక్కకి నాయకుడైతే ఎంత, కాకపోతే ఎంత! లీ దగ్గరున్నది ముక్క కాదు, పార్లమెంటులో మెజారిటీ ఉన్న నిండు పార్టీ. ఆయన దాన్ని సమూలంగా తనవాళ్లతో నింపేశారు. 2023 సెప్టెంబరులో ఆయన్ని అరెస్టు చేయడానికి అనుమతించే తీర్మానాన్ని సొంత ఎంపీల్లో కొందరే గెలిపించారు. కోర్టు వారెంట్ ఇవ్వకపోవడంతో బయటపడ్డారు. 2024 ఏప్రిల్ పార్లమెంటు ఎన్నికలకు టికెట్లు పంచేటప్పుడు తన వర్గం కాని సిటింగ్ ఎంపీలు చాలామంది రోడ్డున పడ్డారు. అప్పుడు పార్టీ మటాష్ అనుకున్నాం. అనుబంధ పార్టీతో కలిపి 300లో 175 సీట్లొచ్చాయి.

ఇది నాకు నచ్చిన పద్ధతి కాదు. కానీ పని చేసిందా అంటే చేసింది. నెలలు లెక్కపెట్టి జోస్యం చెప్పడం అప్పటితో మానేశాను.

అపోహ: పార్టీ అధ్యక్ష పదవి అంటే తర్వాతి ఎన్నిక టికెట్‌కి రిజర్వేషన్

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

నికోలా సర్కోజీ 2012లో ఫ్రాన్స్ అధ్యక్ష పదవి కోల్పోయారు. ఓడితే రాజకీయాలు వదిలేస్తానని ప్రచారంలోనే చెప్పారు. (ఇలాంటి మాటలు నేను ఇప్పుడు హెడ్డింగ్‌లో పెట్టను. 1992 ఓటమి మర్నాడు కిమ్ డే-జుంగ్ కూడా రాజకీయ సన్యాసం ప్రకటించారు. 1995లో కొత్త పార్టీ పెట్టారు.) 2014 నవంబరులో సర్కోజీ దాదాపు 64 శాతం ఓట్లతో పార్టీ అధ్యక్షుడిగా తిరిగొచ్చారు. 2015లో పార్టీ పేరే మార్చేశారు. ఆఫీసు ఆయనది, జెండా ఆయనది. తీరా 2016 నవంబరులో అధ్యక్ష అభ్యర్థి కోసం ప్రైమరీ పెడితే సొంత పార్టీవాళ్లే అయిన ఫియోఁ, జుప్పే తర్వాత మూడో స్థానం. దాదాపు 21 శాతం ఓట్లు. పార్టీ సభ్యుడిగా కార్డున్న వాళ్లు వేరు, రెండు యూరోలు చెల్లించి ప్రైమరీలో ఓటేసిన లక్షలమంది వేరు. మొదటి ఎన్నికలో గెలిచిన మనిషికి రెండోది కూడా తన జేబులోనే ఉందనిపించింది.

కొరియా డెమొక్రటిక్ పార్టీ ఈ రెండు కుర్చీల మధ్య నిబంధనతోనే గోడ కట్టింది. దేశాధ్యక్ష పదవికి పోటీ చేయదలచిన పార్టీ నేత ఎన్నికకు ఏడాది ముందే పదవి వదలాలి. ఎందుకంటే టికెట్ పోటీకి నిబంధనలు రాసేది పార్టీ నాయకత్వమే. క్రికెట్ ఆడేవాడే అంపైరింగ్ చేస్తే ఎలా? 2024 జూన్‌లో, లీ హయాంలో, తగిన కారణం ఉంటే ఆ గడువు మార్చుకోవచ్చని సవరణ తెచ్చారు. గోడకి తలుపు పెట్టారన్నమాట. ఆగస్టులో ఆయన 85.4 శాతంతో రెండోసారి నేతగా ఎన్నికయ్యారు. చివరికి 2025 ఏప్రిల్‌లో, ఎన్నికకు రెండు నెలల లోపే పదవి వదిలారు.

గోడకి అవతలి వైపు ఎలా ఉంటుందో మూన్ జే-ఇన్ చూపించారు. 2012లో పార్క్ గెన్-హే చేతిలో ఓడి, 2015 ఫిబ్రవరిలో పార్టీ నేత అయ్యారు. ఏడాది అంతా తగువులే. డిసెంబరులో ఆన్ చోల్-సూ పార్టీని చీల్చుకుని వెళ్లిపోయారు. పార్లమెంటు ఎన్నికలకి మూడు నెలలే ఉన్నాయి. మామూలుగా ఏ నాయకుడైనా ఆ సమయంలో కుర్చీకి అతుక్కుపోతాడు. మూన్ 2016 జనవరిలో రాజీనామా చేసి, పగ్గాలు కిమ్ చోంగ్-ఇన్ చేతికిచ్చారు. ఈయన 2012లో పార్క్ శిబిరంలో పనిచేసిన మనిషి! తనను ఓడించిన పక్షం మనిషిని పిలిచి ఇంటి తాళాలు ఇచ్చినట్టు. ఆయన తాళాలు తీసుకుని మూన్ వర్గం పెద్దల టికెట్లే కోశారు. ఏప్రిల్ ఫలితాల్లో డెమొక్రాట్లకి 123, అధికార పార్టీకి 122. మరుసటి ఏడాది అధ్యక్షుడైంది మాత్రం మూన్.

తైవాన్‌లో సాయ్ ఇంగ్-వెన్ దారి మరోలా ఉంది. ఓడిన రాత్రే పార్టీ అధ్యక్ష పదవి వదులుతున్నట్టు ప్రకటించి వెళ్లిపోయారు. రెండేళ్లకి పార్టీ ఎన్నిక వచ్చేసరికి, అప్పటి పార్టీ అధ్యక్షుడు సు త్సెంగ్-చాంగ్, 2008లో దేశాధ్యక్ష అభ్యర్థిగా ఓడిన ఫ్రాంక్ షే ఇద్దరూ బరి నుంచి తప్పుకున్నారు. 2014 మేలో ఆమె పగ్గాలు పట్టారు. ఆ నవంబరు స్థానిక ఎన్నికల్లో 22 నగరాలు, కౌంటీల్లో 13 గెలిచారు. తనకో టికెట్ కంటే ముందు పార్టీకి పదమూడు చోట్ల పాలించే మనుషులు దొరికారు. నా దృష్టిలో ఓడిన అభ్యర్థి పార్టీ కుర్చీలో చేయాల్సిన పని ఇదే.

అపోహ: రెండుమూడుసార్లు ఓడినవాడు చెల్లని కాసు

బ్రెజిల్‌లో లూలా మూడుసార్లు ఓడి 2002లో గెలిచారు. జాంబియాలో హిచిలెమా ఐదుసార్లు ఓడి 2021లో గెలిచారు. ఫ్రాన్స్‌లో మిత్తెరాఁ రెండుసార్లు ఓడి 1981లో గెలిచారు. ఈ పేర్లు అందరికీ గుర్తుంటాయి, అందుకే జాగ్రత్త. కెన్యాలో రైలా ఒడింగా ఐదుసార్లు పోటీ చేశారు, ఒక్కసారీ ఆ కుర్చీ దక్కలేదు. ఓడుతూనే ఉండిపోయినవాళ్ల జాబితా ఎవరూ రాసి పెట్టుకోరు.

మిత్తెరాఁ గురించి ఒక ముక్క మాత్రం చెప్పాలి. 1971లో ఎపినే పట్టణంలో జరిగిన పార్టీ మహాసభలో సోషలిస్టు పార్టీలో చేరిన మనిషి, అదే సభలో పార్టీ నేత అయ్యారు. పదేళ్లు నడిపారు. 1981 ఎన్నికకి ముందు పార్టీ కుర్చీని జోస్పాఁకి అప్పగించి ప్రచారానికి వెళ్లారు.

అపోహ: తిరిగొచ్చి గెలిచాడంటే అది అతని సత్తానే

కొంత సత్తా, చాలా భాగం ఎదుటివాడి పొరపాటు. 1997లో కిమ్ డే-జుంగ్ గెలిచినప్పుడు దేశం ఐఎంఎఫ్ అప్పు కోసం చేయి చాచి ఉంది. అధికార పక్షం నుంచి విడిపోయి పోటీ చేసిన రీ ఇన్-జే 19 శాతం ఓట్లు పట్టుకుపోయారు. మూన్‌కి పార్క్ అభిశంసన కలిసొచ్చింది. 2024 డిసెంబరు 3 రాత్రి యూన్ సైనిక పాలన ప్రకటించి, అభిశంసనకు గురై పదవి పోగొట్టుకోకపోతే లీకి 2025లో ఎన్నికే ఉండేది కాదు. ఈలోపు లీ మీదున్న కోర్టు కేసులు ఎటు తిరిగేవో. పార్టీ కుర్చీ వల్ల వచ్చే లాభమల్లా తలుపు తెరుచుకున్నప్పుడు గుమ్మం దగ్గర ఉండటమే.

మళ్లీ కిమ్ మూన్-సూ దగ్గరికి. ఆగస్టు రెండో విడత పోటీలో ఆయన అర శాతం పాయింటుకు కాస్త పైన తేడాతో జాంగ్ డాంగ్-హ్యుక్ చేతిలో ఓడారు. ‘ఓడినవాడు వద్దని సభ్యులు చెప్పేశారు’ అని ఆ రోజు నేనూ రాయబోయాను. ప్రచారంలో ఏం మాట్లాడుకున్నారో చూశాక ఆ వాక్యం కొట్టేశాను. ఇద్దరూ యూన్ అభిశంసనను వ్యతిరేకించినవాళ్లే. అభిశంసనకు ఓటేసిన సొంత ఎంపీలను కలుపుకుపోదామని కిమ్ చివర్లో మెత్తబడ్డారు, వాళ్లను బయటికి పంపాల్సిందేనని జాంగ్ పట్టుబట్టారు. జూన్ ఓటమి గురించి ఇద్దరూ పెద్దగా ఎత్తనే లేదు.