పులి చేతికి వాచీ

బరంపురం

చిట్టికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది చిట్టీ. ఫోన్లో అడగలేక కాగితం మీద రాశావంటే ఆ సంగతి నిన్ను బాగానే తొలిచి ఉంటుంది. "తాతయ్యా, అక్క అమెరికా నుంచి తెచ్చిన బొమ్మల పుస్తకంలో పిల్లలందరూ వరసగా చచ్చిపోతుంటే నాకు నవ్వాగలేదు. అమ్మ చూసి పుస్తకం లాక్కుని బీరువా మీద పెట్టేసింది. నేను చెడ్డదాన్నా?" అని అడిగావు.

చెడ్డదానివి కావు. మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడే చెప్పాల్సింది, మీ అమ్మ పక్కనుంచి కదిలితేగా! ఆమె బజారుకి వెళ్లిన కాసేపట్లో స్టూలు వేసుకుని ఆ పుస్తకం దించి, మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, మళ్లీ అక్కడే పెట్టేశాను. నాకూ నవ్వొచ్చింది.

ఎందుకొచ్చిందని అడిగితే పెద్ద చదువులు చదివినవాళ్లు పెద్ద జవాబులు చెబుతారు. నాకు తెలిసింది పులివేషం ఒక్కటే. దానితోనే చెబుతాను.

మా ఊళ్లో రెండేళ్లకోసారి ఎండాకాలం మొదట్లో ఠాకురాణి యాత్ర జరుగుతుంది కదా. బుఢీ ఠాకురాణి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టింటివాళ్లు ఎవరనుకున్నావు? ఎప్పుడో తెలుగుదేశం నుంచి వచ్చి ఇక్కడ మగ్గాలు వేసుకున్న దేరా కులం నేతవాళ్లు. వాళ్ల కులపెద్దని దేశిబెహరా అంటారు. అమ్మవారికి తండ్రి ఆయనే. అలా ఒరియావాళ్ల ఊరి దేవత తెలుగువాళ్ల ఆడపడుచు అయింది. యాత్ర జరిగినన్నాళ్లూ మొక్కుకున్నవాళ్లు రకరకాల వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. రాముడు, శివుడు, రాక్షసుడు, ఎవరిష్టం వాళ్లది. వాటన్నిట్లోకీ మా గుంటల గుండెలు గుభేలుమనిపించేది పులివేషం.

ఒళ్లంతా పసుపు రంగు పూసి, నల్ల చారలు దిద్ది, వెనక ఒక తోక కడతారు. మొహానికి పులి తల. నడుముకి తాడు కట్టి ఒకడు వెనక నుంచి పట్టుకుంటాడు, లేకపోతే పులి జనం మీద పడిపోతుందన్నట్టు. డోలు మోగుతుంటే పులి అడుగులేస్తూ వచ్చి, ఉన్నట్టుండి పిల్లల మీదికి లంఘిస్తుంది. నేను మా మామ్మ వెనక దాక్కుని ఆవిడ కుచ్చిళ్లు గట్టిగా పట్టుకునేవాణ్ణి. ఆవిడేమో "చీర ఊడుతుందిరా" అని నా నెత్తిన ఒకటి మొట్టేది.

ఒకసారి ఆ పులికి దాహం వేసింది. మా వీధి చివర టీకొట్టు దగ్గర ఆగి, తల పైకెత్తి నుదుటి మీద పెట్టుకుని, సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటూ తాగింది. అప్పుడు చూశాను, పులి ఎడమ చేతికి వాచీ ఉంది. చారలు కూడా ఆ వాచీ చుట్టూ జాగ్రత్తగా దిద్దారు. పులి టైము చూసుకుంది. ఇంకా రెండు వీధులున్నాయని తాడు పట్టుకున్నవాడితో అంది. తోక జారిపోతుంటే మా అన్నయ్యని పిలిచి "బాబూ, కాస్త ముడి వెయ్యి" అంది. మా అన్నయ్య ఎంత గర్వంగా ముడి వేశాడో! పెళ్లిలో మూడు ముళ్లు వేసేటప్పుడు కూడా అంత గర్వంగా లేడు.

టీ అయిపోయింది. పులి మళ్లీ తల దించుకుంది. డోలు మోగింది. వాచీ కట్టుకున్న మనిషని తెలిసి కూడా నాకు మళ్లీ భయం వేసింది చిట్టీ! కాకపోతే ఈసారి భయంతో పాటు నవ్వు కూడా వచ్చింది. ఒకే నోట్లోంచి కేకా, నవ్వూ కలిసి వస్తే ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఆ పుస్తకం చూస్తూ నువ్వు చేసిన చప్పుడు అదే.

ఇప్పుడు నీ పుస్తకం దగ్గరికి వద్దాం. అది గీసినాయన ఎడ్వర్డ్ గోరీ. 1925లో షికాగోలో పుట్టాడు, 2000లో పోయాడు. వందకి పైగా చిన్న చిన్న పుస్తకాలు చేశాడు. నీ దగ్గరున్నది 1963లో వచ్చిన 'ది గాష్లీక్రమ్ టైనీస్'. ఇంగ్లీషు అక్షరాలు 26, పిల్లలు 26 మంది, చావులు 26. ఒకరు మెట్ల మీంచి పడతారు, ఒకరి మీదికి ఎలుగుబంట్లు వస్తాయి, ఒకరికి పండు గొంతులో అడ్డం పడుతుంది. అట్ట మీద ఒక అస్థిపంజరం పెద్ద టోపీ పెట్టుకుని, పిల్లలందరికీ బడి మాస్టారంత శ్రద్ధగా గొడుగు పడుతుంది. ఇదంతా నోటితో చెబితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. మీ అమ్మ తప్పేం లేదు, ఆమె చారలు చూసింది.

వాచీ ఎక్కడుందో నువ్వు చూశావు. ఆ పిల్లల బట్టలు చూడు, పాత ఇంగ్లండు దొరల పిల్లల్లాగా ఇస్త్రీ నలగకుండా ఉంటారు. ఎవరూ కేకలు పెట్టరు. చాలా బొమ్మలు ప్రమాదానికి ఒక్క క్షణం ముందే ఆగిపోతాయి. మెట్ల మీది పిల్ల ఇంకా గాల్లోనే ఉంది, కింద పడలేదు. ఇక N దగ్గర పిల్లాడున్నాడే, వాడు దేనివల్ల పోయాడు? ఏమీ తోచక! కిటికీ గట్టు మీంచి తలా, రెండు కళ్లూ మాత్రం కనిపిస్తుంటాయి. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం మూడు గంటలకి మన చిన్నోడి మొహం సరిగ్గా అలాగే ఉంటుంది.

పులి నడుముకి తాడుంది కదా, పుస్తకంలో ఆ తాడు పద్యం. రెండేసి పాదాలకి ప్రాస కలుస్తుంది. ఎంత ఘోరం చెబుతున్నా పాదం చివర మాట సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. తాడు పట్టుకున్నవాడు వదల్లేదని నీకు లోపల తెలుస్తూనే ఉంటుంది. డోలు కూడా పద్యమే అనుకో, దాని నడక డోలు నడకే. మరి తోక ఏమిటని చిన్నోడు అడుగుతాడు. తోకకి నా దగ్గర ఏమీ లేదురా. తోక తోకే.

ఇలాంటి పుస్తకాలు గోరీతోనే మొదలయ్యాయనుకోకు. అంతకు నూరేళ్ల ముందే, జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ అనే ఊళ్లో హైన్రిష్ హాఫ్‌మన్ అని ఒక డాక్టరు ఉండేవాడు. 1844లో క్రిస్మస్‌కి మూడేళ్ల కొడుక్కి బొమ్మల పుస్తకం కొందామని వెళితే ఒక్కటీ నచ్చలేదు. అన్నీ నీతులేనట. చివరికి తెల్ల కాగితాల నోటుబుక్కు కొనుక్కొచ్చి తనే గీసి ఇచ్చాడు. మరుసటి ఏడాది అది అచ్చయింది. అందులో సూపు తాగనని మొండికేసిన పిల్లాడు రోజురోజుకీ చిక్కి అయిదో రోజుకి పోతాడు, వాడి సమాధి మీద సూపు గిన్నె పెడతారు! వేలు చీకే పిల్లాడి బొటనవేళ్లు ఒక దర్జీ వచ్చి పెద్ద కత్తెరతో టక్కున కత్తిరించేస్తాడు. అగ్గిపుల్లలతో ఆడిన పిల్ల బూడిదైపోతే రెండు పిల్లులు కూర్చుని ఏడుస్తాయి. నీతులు నచ్చక మొదలుపెట్టినాయన కూడా చివరికి అన్నం తినకపోతే ఇదీ, అగ్గి ముట్టుకుంటే ఇదీ అని చెప్పక మానలేదు చూడు. మా మామ్మ కూడా అంతే, ముద్ద ముద్దకీ బూచాణ్ణి పిలిచేది. ఆ బూచాడి దెబ్బకి నేను తిన్న ఆనపకాయ కూరంతా నాకిప్పటికీ అరగలేదేమో!

గోరీ భయాన్ని ఉంచి, తప్పుని తీసేశాడు. మెట్ల మీంచి పడిన పిల్ల ఏం తప్పు చేసింది? ఏమీ చెయ్యలేదు. ఎలుగుబంట్ల పిల్లాడు అమ్మ మాట వినలేదా? అలాగని ఎక్కడా రాసిలేదు. ఎవరికీ ఏ బుద్ధీ చెప్పకుండా అక్షరాలు A నుంచి Z దాకా నడిచిపోతాయి. పిల్లల్ని బెదిరించే పుస్తకాల మీద పిల్లల తరఫున ఎవరో కన్నుకొట్టినట్టు అనిపించింది నాకు. రెండిట్లో నాకిష్టమైనది ఇదే. మీ అమ్మకి మొదటిది నచ్చవచ్చు, నువ్వు అన్నం దగ్గర చేసే అల్లరికి.

అయినా మీ అమ్మకి ఇంత టెన్షన్ ఎందుకో! నేను చిన్నప్పుడు దాచిన పాత చందమామలు మన ఇంట్లో ఉండేవి. అందులో బేతాళ కథకి శంకర్ గారు గీసే బొమ్మ ఉండేది. అర్ధరాత్రి శ్మశానం, కత్తి పట్టుకున్న విక్రమార్కుడు, భుజం మీద శవం. మా పక్కింటి ఒరియా అబ్బాయి ఇంటికి అదే పత్రిక జహ్నమామూ అని వచ్చేది. అక్షరాలు వేరు, శవం అదే. అరుగు మీద ఇద్దరం మరమరాలు తింటూ శవం చెప్పే కథ ఒకే సారి చదువుకుని, వాడు ముందు పూర్తిచేశాడా నేనా అని కొట్టుకునేవాళ్లం. ఆ పుస్తకాలే తర్వాత మీ అమ్మ చేతికొచ్చాయి. శవం ఉన్న పేజీ ఎక్కడుందా అని ముందు అదే తీసేది. కావాలంటే అడుగు, కాదంటే నాకు ఫోన్ చెయ్యి.

ఒక్కమాట మాత్రం చెప్పాలి, ఇది చిన్నోడికి కూడా. ఒక యాత్రలో ఎండకి తట్టుకోలేక పులి నడిరోడ్డు మీద నిజంగానే పడిపోయింది. మేం ముందు ఆట అనుకున్నాం. అంతలో డోలు ఆగిపోయింది. అంతే, ఒక్కరూ నవ్వలేదు. ఒకరు నీళ్లు తెచ్చారు, ఒకరు పులి తల ఊడదీసి విసనకర్రతో విసిరారు. కిందటి నెల ఎదురింటి అబ్బాయి సైకిల్ మీంచి పడితే మీరిద్దరూ గోడ దగ్గర నిలబడి పకపకా నవ్వారని విన్నాను. అక్కడ డోలు లేదర్రా. ముందు వెళ్లి వాణ్ణి లేపాలి.

గోరీ సంగతి ఇంకొంచెం చెప్పి వదిలేస్తాను. పెళ్లి చేసుకోలేదు. పిల్లుల మధ్య బతికాడు. న్యూయార్క్‌లో ఉన్నన్నాళ్లూ పొడుగాటి బొచ్చుకోటు, కింద కాన్వాసు బూట్లు వేసుకుని బ్యాలే నాట్యం చూడ్డానికి వెళ్లేవాడు. తర్వాత జంతువుల మీద జాలితో ఆ బొచ్చుకోట్లు వేసుకోవడం మానేశాడు. పోతూ పోతూ తన ఆస్తిని జంతువుల మేలు కోసం రాశాడు, కుక్కలకీ పిల్లులకీ మాత్రమే అనుకుంటున్నావా, గబ్బిలాలకీ పురుగులకీ కూడా! కాగితం మీద అంతమంది పిల్లల్ని చంపినాయన పురుగు క్షేమం గురించి ఆలోచించాడంటే ఆ బుర్రలో ఏం నడిచేదో నేను చెప్పలేను. ఎంతసేపు ఆలోచించినా నాకు అందలేదు.

నువ్వొక పని చెయ్యి. మీ అమ్మకి విడిగా రాస్తున్నాను, పుస్తకం దించుతుంది. నా పాత భూతద్దం మీ ఇంట్లోనే మర్చిపోయాను, టీవీ కింద సొరుగులో ఉంటుంది. పగటి వెలుతుర్లో కిటికీ దగ్గర కూర్చుని పిల్లల్ని వదిలేసి వాళ్ల వెనకున్న గోడని చూడు, నేల మీది తివాచీని చూడు. నలుపు అనుకున్నచోట చాలావరకు నలుపు పూసి ఉండదు. పాళీతో గీత పక్కన గీత, వాటి మీద అడ్డగీతలు, వాటి మీద మళ్లీ ఏటవాలు గీతలు. బొమ్మ అచ్చులో ఎంత ఉందో అంతే సైజులో గీసేవాడాయన, పెద్దగా గీసి తగ్గించడం లేదు. ఒక్క అంగుళంలో ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టడానికి ప్రయత్నించు. నేను మధ్యలో వదిలేశాను, కళ్లు నీళ్లు కారాయి.

చూడటం అయ్యాక మీరిద్దరూ కలిసి మన తెలుగు అక్షరాలకి ఒక పుస్తకం చెయ్యండి. చిన్నోడు పద్యాలు, నువ్వు బొమ్మలు. మీ బళ్లో పిల్లల పేర్లు మాత్రం పెట్టకండి, వాళ్ల అమ్మలు మీ అమ్మని పట్టుకుంటారు. కావాలంటే తాతయ్యని ఏదో ఒక అక్షరం దగ్గర నూతిలో పడెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. గోరీకి 26 అక్షరాలే, మనకి దాదాపు రెట్టింపు, కాబట్టి బోలెడంత పని. ఙ, ఞ, ణ అక్షరాలతో పేరు మొదలయ్యే పిల్లలు నాకు తెలిసి ఎక్కడా లేరు. ఆ మూడు పేజీల్లోనూ అందరూ బతికిపోతారు.

ఇట్లు,
తాతయ్య